అన్నతో అనకూడని మాట

నుకుఅలోఫా,
తోంగా దీవులు,
మార్చి, మీ పడవ వెళ్ళిన మర్నాడు

వదినగారైన ఫిపెకి,

ఒకే బెంచీ మీద కూర్చుని నా పెన్సిలు కొరికి తిన్న పిల్లని వదినగారూ అని పిలవాల్సి రావడం నా ఖర్మ. నువ్వు మా అన్నని చేసుకున్న రోజున కూడా ఇదే అన్నాను. కొంచెం నవ్వు. నిన్న రేవులో నీ మొహం చూడలేకపోయాను.

నేను రాలేదనుకోకు. సామాన్ల గిడ్డంగి నీడలో నిలబడే ఉన్నాను. అన్న చాప మీద పడుకుని దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. నేను ఎదురుగా వస్తే దాన్ని ఇంకా పైకి లాక్కునేవాడు. ఆసుపత్రిలో కూడా అలాగే ఎదురుపడకుండా తప్పుకున్నాను. అతన్ని తెచ్చిన రోజు ఆ వార్డులో డ్యూటీ నాదే. పేరు చూడగానే నాతో పనిచేసే నర్సు సీలియాని పిలిచి నేను ఆడవాళ్ళ వార్డుకి మారిపోయాను. పేగు మెలిపడిందనీ, కొంత మేర నల్లబడి చచ్చిపోయిందనీ, దాన్ని కోసేసి మంచి కొసని పొట్టకి ఎడమ పక్కన బయటికి తెచ్చి కుట్టారనీ సీలియా చెబుతుంటే తెర ఇవతల నిలబడి విన్నాను. పెద్దమనిషినయ్యాక అన్నా నేనూ ఒక గదిలో కూర్చున్నది లేదు. అతను లోపలికొస్తే నేను బయటికి వెళ్తాను. పొట్ట, పేగు, విరేచనం అనే మాటలు అతను వింటుండగా నా నోట వస్తే ఇక జన్మలో ఒకరి మొహం ఒకరం చూసుకోలేం. అన్నాచెల్లెళ్ళ మధ్య ఆ మాటలుండవు. అతని ఒంటి సంగతి నాకు తెలుసన్నది కూడా అతనికి తెలియకూడదు.

అందుకని చెప్పేదంతా నీకు రాస్తాను. మీ ఊళ్ళో ఉన్న ఒక్క ఫోనూ కొట్లో ఉంటుంది, కొట్లో ఊరంతా ఉంటుంది. ఎవరు చెప్పారని అన్న అడిగితే సీలియా అని చెప్పు.

రోజూ పొట్ట మీద తెరిచిన ఆ దారి రంగు చూడు. పెదవి లోపలి భాగంలా ఎర్రగా, తడిగా ఉండాలి. తుడిచేటప్పుడు ఒకటి రెండు చుక్కల నెత్తురు కనబడితే కంగారు పడకు, దానికి నొప్పి తెలియదు. ఊదారంగుకి గానీ నలుపుకి గానీ తిరిగిందో, ఏ పడవ దొరికితే ఆ పడవ ఎక్కించు. దాని మీద అంటించిన మలం సంచిని నిండేదాకా ఉంచకు, మూడో వంతు కాగానే ఖాళీ చెయ్యి. బరువైతే ఊడి వస్తుంది. కొత్తది అంటించే ముందు చుట్టూ చర్మాన్ని ఉత్త గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, బాగా ఆరనివ్వు. సంచికి కత్తిరించే రంధ్రం ఆ దారి చుట్టుకొలత కంటే కాస్తంత పెద్దగా ఉండాలి, అంతే. మరీ పెద్దదైతే మలం చర్మానికి తగిలి పుండు చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఆ సంచి ఎల్లకాలం ఉండేది కాదు. ఆస్ట్రేలియా డాక్టర్లు సెప్టెంబరులో మళ్ళీ వస్తారు. అప్పుడు పేగు రెండు కొసలూ కలిపి కుట్టి ఆ దారి మూసేస్తారు. సీలియా నీకు రెండుసార్లు చెప్పానంది. ఇప్పుడు అన్నకి ఏదీ చెవికెక్కదు. కాస్త కోలుకోగానే చెప్పు. ఆ ఒక్క మాట చాలు, దాన్ని పట్టుకుని బతుకుతాడు.

ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకి మునిగి, చిప్పలు ఏరి నన్ను చదివించిన మనిషి. అతని ఒంటిని నీ చేతుల్లో పెట్టాను ఫిపె. నా చేతుల్లో పెట్టుకునే వీలు లేదు.

వీకాకి మేనత్త ముద్దులు.

నీ
లెసియేలి


ఉయిహా దీవి,
ఏప్రిల్

పట్నం నర్సమ్మగారికి,

నీ ఉత్తరంలో అంత రాశావే, కొబ్బరినూనె రాయొద్దని ఎక్కడైనా ఒక్క ముక్క రాశావా? పోయిన ఆదివారం జరిగింది విను. సంచి చుట్టూ చర్మం ఎర్రబడింది. ఎర్రబడితే మనం ఏం చేస్తాం? పుట్టిన బిడ్డకి నూనె, పెళ్ళికూతురికి నూనె, పోయినవాళ్ళకీ నూనె. శుభ్రంగా పట్టించి, దాని మీద కొత్త సంచి అంటించి, పైన, మర్యాదకి బట్టల మీద కట్టుకునే నడుం చాప చుట్టి గుడికి పంపించాను. రెండో కీర్తనలో మీ అన్న ఆ గొంతు ఎత్తాడు. సంచి జర్రున జారింది. నడుం చాప బిగుతుగా ఉంది కాబట్టి కిందికి పడలేదు. కీర్తన అయ్యేదాకా మోచేత్తో నొక్కి పట్టుకుని, చివరి ఆమెన్ అనకుండా బయటికి నడిచాడు. ఇంటికొచ్చాక నాకేసి చూసి, "ఫిపె, నన్ను పొయ్యిలో పెట్టడానికి తయారు చేశావా, గుడికి తయారు చేశావా?" అన్నాడు. ఇద్దరం పడి పడి నవ్వాం. నవ్వితే కుట్లు లాగుతున్నాయని ఏడ్చాడు కూడా.

మొదట్లో నాకు వాంతి వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. సంచి గాలితో ఉబ్బితే వీకా ముళ్ళచేప అంటుంది. దాని పైకి నారబట్టతో ఒక తొడుగు కుట్టాను. చెప్పుకోవద్దు గానీ, బాగుంది.

ఆదివారాలు ఇప్పుడు ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటున్నాం.

ఒకటి చెప్పనా? మీ అన్న నా పక్కన కూర్చుని మొగలాకులు చీలుస్తున్నాడు, చాపల కోసం. ఆడవాళ్ళ పని అని నసిగాడు, తర్వాత చెయ్యి కుదిరింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం పగటిపూట ఇంతసేపు ఒకచోట కూర్చున్నది ఇదే. పడవ మీద వారాలు, దిగితే కావా గిన్నె చుట్టూ ఆ వేరు రసం తాగుతూ మగాళ్ళతో తెల్లారిందాకా. ఇంటికి వచ్చేది బట్టలు మార్చుకోవడానికే. నీకు తెలియనిదేముంది.

నూనె బదులు ఏం రాయాలో రాయి.

ఫిపె


నుకుఅలోఫా,
జూన్

ఫిపె,

నూనె సంగతి చదివి వార్డులో పైకే నవ్వేశాను. హెడ్ సిస్టర్ చూసి "ఉత్తరంలో పెళ్ళి సంబంధమా?" అంది. తప్పు నాదే. నూనె ఉంటే ఏదీ అంటదు, ఒక్క చుక్క కూడా వద్దు. పొడి డబ్బా పంపుతున్నాను. కడిగి ఆరాక ఎర్రబడిన చోట పల్చగా చల్లి, దులిపేసి, అప్పుడు అంటించు. నడుం చాప ఆ దారికి కిందుగా, వదులుగా కట్టమను. దగ్గు వచ్చినా పాడినా అరచేయి అక్కడ ఆనించి పట్టుకోమను. లంగరు లాగడం, పడవ నెట్టడం వద్దు. ఆక్టోపస్, మొక్కజొన్న, ముదురు కొబ్బరి నమలకుండా మింగితే దారి మూసుకుపోతుంది. చేప, చేమదుంప, మెత్తగా ఉడికిన చేమాకు మంచివి. నీళ్ళు బాగా తాగించు. గుడ్డు తిన్న రోజున వాసన ఎక్కువ ఉంటుంది, భయం లేదు.

అన్నీ రాశావు, అసలు మాట రాయలేదు. చెప్పావా? విని ఏమన్నాడు? డాక్టర్ల జాబితాలో అతని పేరు మొదట్లోనే రాయించాను. సెప్టెంబరు రెండోవారానికి ఇక్కడుండాలి. వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు.

ఏమన్నాడో అతని మాటల్లోనే రాయి. నవ్వాడా?

లెసియేలి


ఉయిహా,
జూలై

లెసియేలీ,

పొడి బాగా పనిచేసింది. చర్మం ఇప్పుడు నా చెంపకంటే నున్నగా ఉంది.

వీకాకి పడవ బొమ్మ చెక్కి ఇచ్చాడు మీ అన్న. నాకు దువ్వెన చెక్కాడు. మా అమ్మ వచ్చి చూసి "నీ మొగుణ్ణి ఎవరో మార్చేశారే" అంది. సాయంత్రం పూట నేను చాప అల్లుతుంటే చిన్నగా పాడతాడు, నాకు మాత్రమే వినబడేంత.

నువ్వు అడిగిన మాట. చెప్పాను. రానన్నాడు. మళ్ళీ కత్తి పెట్టించుకోనన్నాడు. మళ్ళీ మళ్ళీ అడిగితే కోపం వస్తోంది. మగాడి సంగతి నీకు తెలియదు, పెళ్ళి చేసుకుని చూడు. నువ్వు పేరు తీయించెయ్యి. ఆ చోటు ఇంకెవరికైనా పనికొస్తుంది.

ఫిపె


నుకుఅలోఫా,
జూలై చివర

ఫిపె,

పేరు తీయించలేదు. అన్న భయపడటం నాకు అర్థమవుతుంది. మొదటిసారి అతన్ని తెచ్చింది చావు బతుకుల్లో. ఇప్పుడలా కాదని చెప్పు, లేచి నడిచి వస్తాడు, నడిచి వెళ్తాడు. ఇదే ఆపరేషన్ అయిన, ఇక్కడి తోంగాటాపు దీవి రైతు ఒకతను మొన్న వార్డుకి పుచ్చకాయలు తెచ్చి ఇచ్చాడు. అతని సంగతి చెప్పు. నీకు దండం పెడతాను, ఇంకొక్కసారి అడుగు. నేను అడగగలిగితే నిన్ను ఇంత వేధించను.

లెసియేలి


నుకుఅలోఫా,
ఆగస్టు

ఫిపెకి,

నా పోయిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. ఇప్పుడు దాని అవసరం కూడా లేదు.

మీ ఊరి లోసా అవ్వ కడుపులో పుండు నెత్తురు కారి నా వార్డులో చేరింది. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేశాం. గొట్టం తీసేసిన రోజున నోరు కడుగుతుంటే మాటలు మొదలుపెట్టింది. నేను ఎవరి చెల్లెల్నో గుర్తుపట్టింది.

"మీ అన్న గొంతు లేక మా పాట సగం చచ్చింది తల్లీ," అంది.

"గుడికి రావడం లేదా?"

"గుడికా? ఇల్లు దాటి ఎక్కడ వస్తున్నాడు? పెరట్లో అరుగు మీద కూర్చుంటాడు, మనిషి అలికిడైతే లోపలికి పోతాడు. మా ముసలాయన వెళ్ళి కూర్చుంటే, ఇలా బతికేదానికంటే ఆ రోజు పడవలోనే పోయినా బాగుండేది పెద్దయ్యా అన్నాడట."

"సెప్టెంబరులో డాక్టర్లు వస్తున్నారుగా అవ్వా. అతనే రానంటున్నాడు."

అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఎవరికి తల్లీ? మీ అన్న పెనికా? దాన్ని దేవుడు మూస్తే తప్ప మూసే డాక్టరు లేడని వాడే చెప్పాడే! వాడి పెళ్ళాం కూడా ఏమీ చెప్పలేదట. మూసేవాడుంటే ఈదుకుంటూ అయినా పట్నం వెళ్ళేవాణ్ణని మా ముసలాయన ముందు ఏడ్చాడు."

అవ్వ నోరు కడగడం ముగించి, గిన్నె తీసుకుని బయటికి వచ్చాను.

ఫిపె, నువ్వు అతనితో ఆ మాట అననే లేదు. రానన్నాడు, కత్తి పెట్టించుకోనన్నాడు, కోపం వస్తోంది. ఇవన్నీ నువ్వు అల్లిన మాటలు. మొగలాకులు, దువ్వెన, పాట అన్నీ చదివి నేను ఇక్కడ సంతోషపడ్డాను. నీ ఉత్తరాలు సీలియాకి చదివి వినిపించాను. ఎందుకు చేశావు?

ఈ ఉత్తరం అందిన రోజునే అతనికి చెప్పు.

లెసియేలి


ఉయిహా,
ఆగస్టు

లెసియేలికి,

ఎందుకని అడిగావు కదా.

ఇది నీ అన్న ఇల్లు. పెళ్ళిలో పెద్దపీట నీది. అతని పడవలో పడ్డ మంచి చేప నీది. నా కూతురి తల మీద నాకంటే నీకే అధికారం. రేపు నువ్వు వచ్చి వీకాని పెంచుకుంటానంటే నేను బట్టలు మడతపెట్టి ఇవ్వాలి. అది మన పద్ధతి, నేను ఎన్నడూ కాదనలేదు. మిగిలినదాన్లో సగం సముద్రానిది, సగం కావా గిన్నెది. నాకు వచ్చింది ఏమిటి? చెప్పు.

ఆ సంచి ఒక్కటే నాకు వచ్చింది. అది మార్చడం నాకు తప్ప ఇంకెవరికీ రాదు. నువ్వు దాని పేరు కూడా ఎత్తలేవు. మొదట్లో చెబుదామనే అనుకున్నాను. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. ఆకులు చీలుస్తూ నా పక్కన కూర్చుంటే, ఇంకో వారం అనుకున్నాను. తర్వాత చెప్పడం కుదరలేదు. దువ్వెనా పాటా అబద్ధం కాదు, నీ మీద ఒట్టు. అతను దిగులుతో ఏడ్చిన సంగతి మాత్రం రాయలేదు.

నువ్వు తెర చాటున నిలబడి నాకు పాఠాలు చెప్పావు. వాసన చూసింది నేను. గుడ్డలు ఉతికింది నేను. ఆ పాటి హక్కు నాకు లేదా?

చెబుతావా, చెప్పుకో. ఎలా చెబుతావు? కొట్లో ఫోను చేసి చెబుతావా? పాస్టరు చేత చెప్పిస్తావా? నువ్వు అతనితో ఆ మాట అనలేవు, లెసియేలీ. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఫిపె


ఉయిహా, నీ ఇంటి గుమ్మం దగ్గర,
సెప్టెంబరు

ఫిపెకి,

నువ్వు సముద్రం వెనక్కి తీస్తోందని పగడపు దిబ్బ మీదికి చిప్పలకి వెళ్ళావట. ఇది నీ చాప మీద పెట్టి వెళ్తున్నాను.

అనలేనని రాశావు. నీ ఉత్తరం చదివి చాలాసేపు అది నిజమే అనుకున్నాను. సీలియాని పంపుదామనుకున్నాను. ఆమె వస్తే ఆమెకీ అతనికీ మధ్య మళ్ళీ నువ్వే ఉంటావు. అందుకని సెలవు పెట్టి పడవెక్కాను.

గుమ్మం బయట, ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాను. లోపల ఆకు చీలుస్తున్న చప్పుడు వినబడుతోంది.

"అన్నా, నేను లెసియేలిని. లేవకు. లోపలికి రాను."

"పడవ దిగిన పళంగా వచ్చావా? ఫిపె లేదు. చేమదుంప ఉంది, తిను."

"తినడానికి రాలేదు. ఒక మాట చెప్పాలి. అది నేను అనకూడని మాట. నువ్వు గోడ వైపు తిరుగు, నేను సముద్రం వైపే చూస్తాను."

చప్పుడు ఆగిపోయింది.

"నీ పొట్టకి తెరిచిన దారి ఉంది కదా, దాన్ని మూసేస్తారు. వచ్చేవారమే. డాక్టర్లు వచ్చారు."

నా చెవులు మండిపోయాయి. లేచి నీళ్ళలోకి నడిచిపోదామనిపించింది. లోపల్నుంచి, "మూసేస్తే?" అన్నాడు.

"పేగు కలిపి కుడతారు. ముందులాగే."

"ముందులాగే అంటే, అందరిలాగా?"

"అందరిలాగే, అన్నా."

ఏడ్చాడో నవ్వాడో నాకు తెలియదు. నేను వెనక్కి తిరగలేదు. మళ్ళీ అడిగాడు. "ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?"

నీ పేరు నా నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగింది. వీకా అప్పుడే బడి నుంచి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. "ఆసుపత్రిలో చెప్పడం మరిచిపోయారు. తప్పు మాదే," అన్నాను.

"మీరు మరిచారా?" అన్నాడు. ఆకు చీలే చప్పుడు మళ్ళీ మొదలైంది. "ఆ మాట ఇక నాతో ఎత్తకు, చెల్లీ," అన్నాడు.

"ఎత్తను."

నీకు చెప్పి వస్తానన్నాడు. పడవవాడు పోటు తగ్గిపోతోందని ఆగనంటున్నాడు. వీకాని మీ అమ్మ దగ్గర దింపాను. ఇది నువ్వు చదివేసరికి మేమిద్దరం ఒకే పడవలో ఉంటాం, అతను ముందు కొసన, నేను వెనక కొసన.

లెసియేలి


నుకుఅలోఫా,
అక్టోబరు

ఫిపెకి,

ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాత పేగు మేలుకునేదాకా నోటికి ఏమీ ఇవ్వం, సూదిలోంచే నీళ్ళు ఎక్కిస్తాం. అపానవాయువు ఎప్పుడు పోతుందా అని వార్డంతా కాచుకుని కూర్చుంది. ఒక పొద్దున సీలియా పరిగెత్తుకుంటూ వచ్చి, "పోయింది! అక్కడ కూడా మీ అన్నది అదే గొంతు!" అంది. మగవాళ్ళ వార్డులో చప్పట్లు కొట్టడం ఆడవాళ్ళ వార్డులోకి వినబడింది. నేను విననట్టు దుప్పట్లు మడతపెట్టాను. మొదట గంజి, తర్వాత మెత్తటి చేప ఇచ్చారు. ఇప్పుడు నడుస్తున్నాడు.

చెప్పాల్సింది ఇది. సీలియా కుట్లు చూస్తుంటే అన్న ఆమెతో మెత్తగానే అన్నాడట: "మీరు మరిచిపోయారట కదమ్మా, పర్లేదు, పనిలో అవుతుంటాయి." సీలియా నేరుగా నా దగ్గరికి వచ్చి తలుపు వేసింది.

"నీ వదినకి నేను రెండుసార్లు చెప్పాను లెసియేలీ. అలాంటిది నేను మరిచానా? రోగికి ఆ మాట చెప్పకుండా పంపే నర్సునా నేను?"

నేను ఎందుకలా అన్నానో చెప్పాను. వింది. "అయితే నీ అన్న సంసారం నిలబెట్టడానికి నా పేరు వాడుకున్నావు," అంది. ఇప్పుడు నాతో పని మాటలే మాట్లాడుతోంది. అందులో ఆమె తప్పేం లేదు. నువ్వు నాకు చేసినదే నేను ఆమెకి చేశాను. అన్నకీ చేశాను. నిన్ను తిట్టుకుంటూ కూర్చుందామంటే ఇప్పుడు నాకు ఆ వీలు కూడా లేదు.

నిన్న అన్న సీలియాని ఇంకొకటి అడిగాడు. "మా ఫిపెకైనా చెప్పారా?" అని. సీలియా, నేను తనకి సమాధానం బాకీ ఉన్నట్టు వచ్చి ఆ మాట నా ముందు పెట్టింది. "చెప్పానని చెప్పనా, లేదని చెప్పనా?" అంది. తన భార్యనే అడగమని చెప్పమన్నాను. అలాగే చెప్పింది. అన్న వెంటనే శనివారం పడవలో చోటు చెప్పమన్నాడట.

ఏం చెబుతావో నాకు రాయకు. దువ్వెనా పాటా అబద్ధం కాదన్నావు. నమ్ముతున్నాను. అవి కూడా చెప్పు, ఇది కూడా చెప్పు, నీ ఇష్టం. అతని గురించి నీకు రాయడం ఇదే ఆఖరు. నీ స్నేహితురాలిగా రాయాలని ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టాను, రాలేదు.

శనివారం పడవకి వస్తున్నాడు. బరువులు ఎత్తనివ్వకు. రేవుకి నువ్వే వెళ్ళు. ఎవరినీ పంపకు.

లెసియేలి